ఇస్ఫహాన్ నుంచి బుషెహర్ దాకా నల్లమందు పెట్టెల బాట: ఎక్కడ ఆగాలి, ఎక్కడ బస చేయాలి

పంతొమ్మిదో శతాబ్దంలో ఇరాన్ నల్లమందు పెట్టెలు ఇస్ఫహాన్ నుంచి కొండలు దాటి గల్ఫ్ తీరంలోని బుషెహర్ రేవుకు దిగిన బాట ఇది. ఈ దారిలో "ఇక్కడే నల్లమందు పెట్టెలు కట్టేవారు" అని బోర్డు పెట్టి చూపించే చోటు కోసం వెతకకండి, దొరకదు. 1955లో ఇరాన్ నల్లమందు సాగును నిషేధించింది. 1969లో ప్రభుత్వ అదుపులో కొంతమేర మళ్లీ మొదలైనా 1979 విప్లవం తర్వాత అదీ ఆగిపోయింది. ఇప్పుడు మిగిలినవి కొన్ని సరాయిలు, నాలుగైదు నిట్టనిలువు కనుమలు, ఒక పాత రేవు. అయితే వాటిని వరసలో, సరుకు నడిచిన దిశలోనే చూస్తే మొత్తం వ్యాపారం కళ్లకు కడుతుంది. అందుకే యాత్రను బుషెహర్‌లో మొదలుపెట్టి పైకి వెళ్లకండి. ఇస్ఫహాన్‌లో మొదలుపెట్టి సముద్రానికి దిగండి.

ముందు కొంచెం లెక్క. 1858 తర్వాత చైనాలో నల్లమందు దిగుమతి చట్టబద్ధమైంది. 1864 ప్రాంతంలో ఉత్తరాన గిలాన్‌లో పట్టుపురుగులకు తెగులు సోకి పర్షియా (ఇప్పటి ఇరాన్) పట్టు ఎగుమతి కుప్పకూలింది. బయటి సరుకు కొనడానికి డబ్బు తెచ్చే పంట కావాలి, అది గసగసాల చేను అయింది. ఇస్ఫహాన్, యజ్ద్, ఫార్స్ ప్రాంతాల్లో సాగు పెరిగింది. బుషెహర్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ నివేదికల ప్రకారం 1871-72లో గల్ఫ్ రేవుల నుంచి బయటికి వెళ్లినవి 870 పెట్టెలు, విలువ 6,96,000 రూపాయలు. 1880-81 నాటికి 7,700 పెట్టెలు, 84,70,000 రూపాయలు. పర్షియా లెక్కలు రూపాయల్లో ఎందుకున్నాయంటే, ఆ రెసిడెన్సీ నడిచింది లండన్ నుంచి కాదు. ముందు బొంబాయి ప్రభుత్వం కింద, 1873 నుంచి నేరుగా భారత ప్రభుత్వం కింద. ఈ రెసిడెన్సీ కాగితాలు ఖతర్ డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా చదవొచ్చు. బయల్దేరే ముందు 1870ల వార్షిక నివేదికలు రెండు మూడు చదివి వెళ్లినవాళ్లకీ, ఊరికే వెళ్లినవాళ్లకీ ఈ దారి ఒకేలా కనిపించదు.

బయల్దేరే ముందు

మన ఇళ్లకు సంబంధించిన ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. హైదరాబాద్ నుంచి ఇరాన్‌కు ఎక్కువమంది దుబాయ్ లేదా షార్జాలో విమానం మారతారు. యూఏఈలో గసగసాలు నిషిద్ధం. మసాలా పొడిలో కలిసినా, స్వీటు మీద చల్లినా చిక్కే. దారిలో తినడానికి అమ్మ కట్టిచ్చిన డబ్బాలో ఏముందో అడిగి తెలుసుకోండి, గసగసాలు ఉంటే ఇంట్లోనే వదిలేయండి. కోడీన్ ఉన్న దగ్గుమందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు కూడా అంతే. తప్పనిసరైతే ముందస్తు అనుమతి నిబంధన చూసుకుని, డాక్టరు చీటీ దగ్గర పెట్టుకోవాలి. నల్లమందు చరిత్ర చూడ్డానికి వెళ్తూ గసగసాల దగ్గర పట్టుబడితే యాత్ర అక్కడితో సరి.

వీసా విషయం: 2024 ఫిబ్రవరిలో భారతీయులకు ఇచ్చిన వీసా మినహాయింపును 2025 నవంబరులో ఆపేశారు. కాబట్టి వీసా చేతికి రాకుండా టికెట్ కొనకండి. అంతకంటే ముందు చూడాల్సింది మన విదేశాంగ శాఖ హెచ్చరిక. ప్రయాణం మానుకోమని ఉంటే మానుకోండి. యుద్ధ వాతావరణం ఉన్నప్పుడు ఈ దారి, ముఖ్యంగా బుషెహర్, వెళ్లాల్సిన చోటు కాదు. పరిస్థితి సద్దుమణిగి హెచ్చరిక ఎత్తేశాకే ఈ రాసిందంతా పనికొస్తుంది.

మన బ్యాంకు కార్డులు అక్కడ పనిచేయవు. పాతబడని, మడతలు నలగని డాలర్లో యూరోలో మొత్తం ఖర్చుకు సరిపడా, పైన పావు వంతు అదనంగా తీసుకెళ్లాలి. మార్చేది లైసెన్సు ఉన్న సర్రాఫీ కొట్టులోనే, రోడ్డు మీద పిలిచేవాళ్ల దగ్గర కాదు. నోటు మీద రియాల్ ఉంటుంది, నోటి మాట మాత్రం తోమాన్‌లో. పది రియాళ్లు ఒక తోమాన్. చాలాసార్లు చివరి మూడు సున్నాలు కూడా మింగేసి చెబుతారు. ధర అడిగాక క్యాలిక్యులేటర్ చేతికిచ్చి అంకె కొట్టించుకోవడమే సులువు. టాక్సీ దిగేటప్పుడు డ్రైవర్ "ఖాబెలీ నదారే" అంటే డబ్బు వద్దని కాదు. అది మర్యాద మాట, రెండోసారి ఇవ్వబోతే తీసుకుంటాడు.

రోజులు: తొమ్మిది పది చాలు. నెలలు: నవంబరు, లేదా ఫిబ్రవరి చివర నుంచి మార్చి రెండో వారం దాకా. మార్చి 20, 21 నుంచి నౌరూజ్ సెలవులు, దాదాపు రెండు వారాలు గది దొరకదు, బస్సు దొరకదు. మే నుంచి సెప్టెంబరు దాకా బుషెహర్ ఉక్కపోత మన మచిలీపట్నం మే నెలను మించి ఉంటుంది.

ఇస్ఫహాన్: మూడు రాత్రులు

అందరూ నఖ్షె జహాన్ మైదానం చూస్తారు, చూడాల్సిందే. కానీ ఈ బాట కోసం వచ్చినవాళ్లు మైదానం ఉత్తరపు కొసన ఉన్న ఖైసరియా ద్వారం దాటి బజారు లోపలికి నడవాలి. పెద్ద వీధి పట్టుకుని పోకుండా, పక్కన ఎక్కడ సన్నటి గుమ్మం కనిపిస్తే అక్కడ తొంగి చూడండి. లోపల నలుచదరపు ముంగిలి, మధ్యలో నీటి తొట్టి, చుట్టూ రెండంతస్తుల గదులు ఉంటే అది సరా, అంటే హోల్‌సేల్ వర్తకుల సరాయి. కింద సరుకు, పైన లెక్కల గది. ఎక్కువ వాటిలో ఇప్పుడు తివాచీలు, బట్టలు, పాత్రలు అమ్ముతున్నారు. ఎవరూ అడ్డగించరు, ఓ నమస్కారం పెట్టి లోపలికి వెళ్లొచ్చు. శుక్రవారం మాత్రం బజారంతా మూత, ఆ రోజును జొల్ఫాకు కేటాయించుకోండి.

ఇక్కడ జరిగిన పని ఏమిటంటే, పల్లెల నుంచి వచ్చిన పచ్చి జిగురును ఎగుమతి సరుకుగా మార్చడం. రైతు శరదృతువులో విత్తుతాడు, వసంతం చివర్లో కాయ మీద గాటు పెడతాడు. సాయంత్రం గాటు పెడితే రాత్రంతా పాలు కారి గట్టిపడుతుంది, పొద్దున్నే గీకి తీస్తారు. ఒక కాయకు కొద్దిరోజుల తేడాతో రెండు మూడు సార్లు. ఆ పంట చాలాసార్లు కోతకు ముందే అమ్ముడైపోయి ఉండేది. చలికాలంలో షావుకారు అప్పు ఇచ్చి, పంట ధర అప్పుడే కట్టేసుకునేవాడు. దీన్ని సలఫ్ అంటారు. ధర పెరిగితే లాభం షావుకారుది, పంట పాడైతే అప్పు రైతుది. ఈ సంగతి తెలిసి చూస్తే సరాలో పై అంతస్తు లెక్కల గది అర్థమవుతుంది.

పచ్చి జిగురు ఊళ్లోకి వచ్చాక తెర్యాక్‌మాల్ అనే పనివాళ్ల చేతికి వెళ్లేది. తెర్యాక్ అంటే నల్లమందు, మాలీదన్ అంటే రుద్దడం, పిసకడం. నున్నటి చెక్క పలక మీద పల్చగా పరిచి, ఇనుప బద్దతో గీకి, మళ్లీ పరిచి, ఎండలో తేమ దించుతూ పోతారు. తొందరపడి తీస్తే లోపల తేమ మిగిలి ఓడలో బూజు పడుతుంది. ఎక్కువ ఎండితే పెళుసై ముక్కలవుతుంది, తూకం పడిపోతుంది. లండన్‌కు వెళ్లే సరుకులో కొనేవాళ్లు చూసేది మార్ఫిన్ శాతం, పదికి తగ్గితే ధర రాదు. చైనాకు వెళ్లేదానిలో అవిసె నూనె కలిపేవారు, అక్కడి పొగ పీల్చేవాళ్లకు ఆ మెత్తదనం అలవాటు. తయారైన ముద్దలను ఎర్ర కాగితంలో చుట్టి దారం కట్టేవారు.

పెట్టె లెక్క చూడండి. చైనాలో ధర పికల్ మీద పలికేది. పికల్ అంటే 133⅓ పౌన్లు, మన లెక్కలో 60 కిలోల పైచిలుకు. ఇక్కడి తూకం షా మన్, సుమారు 13½ పౌన్లు. పెట్టెలో పది షా మన్‌లు వేస్తే 135 పౌన్లు, చూడ్డానికి సరిపోయినట్టే. కానీ కొండలు దాటి, ఎర్రసముద్రం వేడిలో నెలల తరబడి పోయాక ఆరిపోయి పికల్‌కు తగ్గుతుంది. అందుకని పదిన్నర షా మన్, అంటే 140 పౌన్ల పైన వేసేవారు. ఆ అర మన్ పొరపాటున మరిచిపోతే హాంకాంగ్‌లో ప్రతి పెట్టెకూ కోత.

ఈ వ్యాపారాన్ని పాడుచేసింది కల్తీయే. గిరాకీ పెరిగిన 1870ల చివర్లో ద్రాక్ష పాకం, పిండి లాంటివి కలపడం విపరీతమైంది. సరుకు వెనక్కి తిప్పి పంపే దాకా వచ్చి, పర్షియా నల్లమందుకు పేరు పోయి ధర పడింది. నాణ్యత నిలబెట్టడానికి వర్తకులే పూనుకుని పరీక్షించి ముద్ర వేసే పద్ధతి తేవాల్సి వచ్చింది.

జొల్ఫా, జాయందే నదికి దక్షిణాన ఉన్న ఆర్మేనియన్ల పేట. యూరప్ వర్తకులు ముస్లింల నగరంలో కాకుండా ఇక్కడ కాపురం ఉండేవారు. బుషెహర్‌లో కూడా శాఖ ఉన్న రోటర్‌డామ్ హోట్జ్ కంపెనీ లాంటివాళ్లు నల్లమందు వ్యాపారం చేశారు. వాంక్ చర్చి చూడండి, వీధుల్లో నడవండి, అక్కడి కాఫీ కొట్లు బాగుంటాయి. నదిలో నీళ్లుంటే అదృష్టం, చాలా నెలలు ఎండిపోయే ఉంటుంది. వంతెనల ఫొటోల కోసమే వెళ్లేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

బస గురించి. అబ్బాసీ హోటల్ పాత సఫావీ రాజుల కాలపు కారవాన్‌సరాయిని, అంటే బిడారులు దిగే సత్రాన్ని, మార్చి కట్టింది. ముంగిలి తోట నిజంగా అందమైనది, కారవాన్‌సరాయి ఆకారం అర్థం కావాలంటే దీన్ని మించిన పాఠం లేదు. కానీ ధర చాలా ఎక్కువ, రోడ్డు వైపు గదులిస్తే ఆ డబ్బుకు ఫలితం లేదు. మా సలహా: అక్కడ పడుకోకండి, సాయంత్రం తోటలో కూచుని ఆష్ రెష్టే అనే నూడుల్స్ సూప్, చాయ్ తీసుకోండి. పడక కోసం బజారు చుట్టుపక్కల పాత ఇళ్లను బసలుగా మార్చినవి చూసుకోండి. ముంగిలి ఇల్లు, పొద్దున టిఫిన్ కలిపి, మధ్యరకం హోటల్ ధరకే వస్తుంది. మూడు ప్రశ్నలు అడిగి తీసుకోండి: గదిలోనే స్నానాలగది ఉందా, మెట్లు ఎన్ని, వేడినీళ్లు రోజంతా ఉంటాయా. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు పాత ఇళ్ల మెట్లు నరకం. అంతర్జాతీయ బుకింగ్ సైట్లు ఇరాన్‌కు పనిచేయవు, నేరుగా ఫోన్ చేసి మాట్లాడుకోవాలి.

ఇస్ఫహాన్‌లో 'బెర్యానీ' అని చూసి ఎగిరి గంతేయకండి. అది అన్నం కాదు, దంచిన గొర్రె మాంసం రొట్టె మీద వేసి ఇస్తారు. శాకాహారులకు కష్క్ బాదెంజాన్ అనే వంకాయ ముద్ద, అదస్ పోలో అనే పప్పన్నం ఆదుకుంటాయి. పప్పన్నంలో మాంసం వేస్తారేమో అడగాలి.

ఇజద్‌ఖాస్త్: రెండు గంటలు, తప్పకుండా

ఇస్ఫహాన్ నుంచి షిరాజ్ 480 కిలోమీటర్లు. రెండుపక్కలా ఒకటి, రెండు చొప్పున సీట్లున్న వీఐపీ బస్సు ఆరేడు గంటల్లో దించుతుంది, సీటు పడుకునేంత వెనక్కి వాలుతుంది, ధర తక్కువ. కానీ ఈ ఒక్క రోజు మాత్రం బస్సు వద్దు, కారు మాట్లాడుకోండి. సుమారు 140 కిలోమీటర్ల దగ్గర ఇజద్‌ఖాస్త్ ఉంది. ఓడ ఆకారపు రాతి గుట్ట మీద మట్టి కోట, కింద లోయలో వాగు, వాగు పక్కన సఫావీ కాలపు కారవాన్‌సరాయి. 2023లో యునెస్కో గుర్తింపు ఇచ్చిన 54 ఇరాన్ కారవాన్‌సరాయిల్లో ఇదొకటి. కంచర గాడిదల బిడారు రాత్రికి ఎక్కడ దిగేదో, నీళ్లు ఎక్కడ తాగేదో, దొంగల భయం ఉంటే జనం కోట ఎక్కి ఒకే ఒక్క గుమ్మం ఎలా మూసుకునేవాళ్లో ఇక్కడ ఎవరూ చెప్పక్కర్లేదు. కోట గోడలు శిథిలం, అంచుల మీద నడవకండి. తిండి, టాయిలెట్ సంగతి హైవే మీదే చూసుకోవాలి.

దారిలో ప్రాచీన పర్షియా రాజధానుల శిథిలాలు పర్సెపోలిస్, పసర్గాదే ఉన్నాయి. గొప్పవే, కానీ వాటి గురించి రాసినవాళ్లు వెయ్యిమంది ఉన్నారు.

షిరాజ్: ఒక రాత్రి చాలు

ఇక్కడ చూడాల్సింది వకీల్ బజారు ఆనుకుని ఉన్న సరాయె మొషీర్. ఫార్స్ ప్రభుత్వంలో వజీరుగా చేసిన అబుల్‌హసన్ ఖాన్ మొషీరుల్ముల్క్ 1870ల ప్రాంతంలో కట్టించాడు, అంటే సరిగ్గా నల్లమందు ఎగుమతి పరుగులు తీసిన రోజుల్లో. ఇప్పుడు చేతిపనుల దుకాణాలు. కొట్లవైపు చూడకుండా ముంగిలి మధ్యలో నిలబడి పై వరస గదులు చూడండి. ఈ మనిషి పేరు గుర్తుపెట్టుకోండి, కిందికి దిగేకొద్దీ దలాకీ దగ్గర వంతెన ఇతనిదే, బొరాజ్‌జాన్‌లో కారవాన్‌సరాయి ఇతనిదే. కొండ మీది నగరంలో సరాయి, దారిలో వంతెన, కొండ దిగాక మళ్లీ సరాయి. దారి మీద డబ్బు ప్రవహిస్తుంటే ఎక్కడ గట్టు కట్టాలో తెలిసినవాడు.

బస పాత ఊళ్లో లోత్ఫ్ అలీ ఖాన్ జంద్ వీధి దగ్గరైతే అన్నీ నడకే. రాత్రి సందుల్లో దీపాలు తక్కువ, బస యజమానిని సెంటర్ దాకా వచ్చి తీసుకెళ్లమంటే వస్తారు. బస్సులు కారాందీష్ టెర్మినల్ నుంచి.

కనుమలు: ఈ యాత్ర అసలు ఇక్కడే ఉంది

షిరాజ్ సుమారు 1,500 మీటర్ల ఎత్తు, బుషెహర్ సముద్రమట్టం. మధ్యలో మెట్లు మెట్లుగా పర్వతాలు. పాత బాట వరస ఇది: దష్తె అర్జన్, కొతలె పీర్‌జన్ అంటే ముసలమ్మ కనుమ, మధ్యలో మియాన్ కొతల్ సరాయి, కొతలె దొఖ్తర్ అంటే అమ్మాయి కనుమ, కాజెరూన్, కమారజ్, కొనార్‌తఖ్తే, కొతలె మలూ, దలాకీ, బొరాజ్‌జాన్. ఒక్కో పెట్టె 140 పౌన్లు, చెక్క, పైన చుట్టిన తోలో గోనో అదనం. కంచర గాడిదకు ఇటొకటి అటొకటి, రెండు పెట్టెలు. అంతకంటే వేయరు, ఒక్కటే వేస్తే జీను ఒక పక్కకు వాలిపోతుంది. అందుకే చార్వాదార్, అంటే బిడారు నడిపేవాడు, జతల్లోనే కిరాయి మాట్లాడేవాడు.

తప్పు జరిగేది దిగుడులో. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారుతుంది, తోక కింద పట్టీ సరిచేస్తే సరి. దిగేటప్పుడు జంతువు మెడమీదికి వస్తుంది, మలుపులో పెట్టె అంచు కొండరాయికి కొట్టుకుంటుంది. పెట్టె పగిలితే కాగితం చుట్ట ఊడి, దుమ్ము అంటి, ఆ సరుకు రేవులో పరీక్షకు నిలబడదు. వేసవిలో కింది ప్రాంతంలో పగలు నడవలేక బిడారులు రాత్రి నడిచేవి, జారిపడేది అప్పుడే.

దీనికి తోడు రాహ్‌దారీ, దారి సుంకం. ఊరూరా తుపాకులు పట్టుకున్న కావలివాళ్లు జంతువుకింత అని వసూలు చేసేవారు. పర్షియా, బ్రిటన్‌ల మధ్య 1841 ఒప్పందంతో బ్రిటిష్ వర్తకులకు రష్యన్లకు ఇచ్చినట్టే విలువ మీద 5 శాతం, ఒక్కసారి కడితే చాలు. స్థానిక వర్తకుడు మాత్రం ఊరికో సుంకం కట్టుకుంటూ దిగాలి. తన సరుకును విదేశీ పేరు మీద పంపితే ఎంత మిగులుతుందో అతనికి బాగా తెలుసు. 1909, 1910 ప్రాంతంలో ఈ దారి దోపిడీలతో ఎంత చెడిందంటే బ్రిటన్ 1910 అక్టోబరులో టెహ్రాన్‌కు హెచ్చరిక పంపింది. 1916లో సౌత్ పర్షియా రైఫిల్స్ అనే దళమే పెట్టింది.

ఇప్పుడు చూడటం ఎలా? ఇప్పటి తారురోడ్డు చాలాచోట్ల వేరే దారిన పోతుంది. పాత బాట ఆనవాళ్లు కొతలె దొఖ్తర్ దగ్గర కొండవాలు మీద మెలికలుగా కనిపిస్తాయి. నడవాలంటే కాజెరూన్ నుంచి స్థానిక గైడును తీసుకోవాలి, పొద్దున ఏడింటికల్లా మొదలుపెట్టాలి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు. బూట్లు అడుగు గట్టివి, రాయి పొడిగా జారుతుంది. వర్షం పడిన మర్నాడు వద్దు. గైడుతో బేరం చేసేటప్పుడు కారు, భోజనం, తిరుగు ప్రయాణం కలిపే ధరా కాదా అని ముందే తేల్చుకోండి. ఇక్కడ గొడవలన్నీ ఆ ఒక్క మాట తేలకే వస్తాయి. నడవలేనివాళ్లు షిరాజ్ నుంచి బుషెహర్‌కు కారు మాట్లాడుకుని 'కాజెరూన్ మీదుగా, పగటిపూట' అని గట్టిగా చెప్పాలి. రాత్రి బస్సు ఎక్కితే ఈ దారి మొత్తం నిద్రలో పోతుంది. ఈ యాత్రలో చేయగలిగిన అతి పెద్ద పొరపాటు అదే.

కాజెరూన్ దగ్గర బిషాపూర్ శిథిలాలు, చోగాన్ లోయలో సాసానీ రాజుల శిల్పాలు ఉన్నాయి. మూడు గంటలు ఇవ్వండి. కాజెరూన్‌లో రాత్రి బస మాత్రం సిఫారసు చేయలేం, ఎంచుకునేందుకు పెద్దగా లేదు.

దలాకీ వచ్చిందని కిటికీ తీస్తేనే తెలుస్తుంది. గంధకపు ఊటల వాసన, ఒక్కసారిగా ఖర్జూరపు చెట్లు, గాలి బరువు. పైన చలికి వేసుకున్న స్వెట్టర్ ఇక్కడ విప్పాలి.

బొరాజ్‌జాన్ కారవాన్‌సరాయి రాతి కట్టడం, మూలల్లో బురుజులు, కోటలాంటి ద్వారం. తర్వాత చాలాకాలం జైలుగా వాడారు, ఎందుకు వాడారో గోడలు చూస్తే తెలుస్తుంది. లోపలికి పంపుతారో లేదో షిరాజ్ నుంచే బసవాళ్లతో ఫోన్ చేయించి కనుక్కోండి. మూసి ఉన్నా బయటి నుంచి చుట్టూ ఒకసారి నడవండి. కొండ దిగిన పెట్టెలు విరిగినవి, తడిసినవి సరిచూసుకోవడానికి రేవుకు ముందు దొరికే చివరి గట్టి గోడలు ఇవే.

బుషెహర్: మూడు రాత్రులు

1734లో నాదిర్ షా నౌకాదళం కోసం ఎంచుకున్న రేవు. 1763లో ఈస్టిండియా కంపెనీ కోఠీ పెట్టింది. పాత ఊరు నాలుగు పేటలు: బెహ్‌బహానీ, దెహ్‌దష్తీ, షన్‌బెదీ, కూతీ. ఈ నాలుగో పేరు ఒకసారి పైకి చదవండి. కూతీ అంటే మన 'కోఠి'యే. రెసిడెన్సీ ఉన్న పేట కాబట్టి ఆ పేరు. హైదరాబాద్ కోఠికి ఆ పేరు వచ్చింది కూడా బ్రిటిష్ రెసిడెన్సీ వల్లే. ఒకే ప్రభుత్వం, ఒకే రకం ఉద్యోగి, రెండు ఊళ్లలో ఒకే మాట మిగిలింది. హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు ఆ సందులో కాసేపు నిలబడితే, ఇది పరాయి చరిత్ర అని అనిపించదు.

సందుల్లో ఇళ్లు ఎత్తుగా, దగ్గరదగ్గరగా ఉంటాయి, నీడ కోసం. గిలాబా ఊడిన చోట చెయ్యి పెట్టి చూడండి. ఇటుక కాదు, చిల్లులు చిల్లులుగా సముద్రపు పగడపు రాయి. పైన కర్ర బాల్కనీలు, షనాషీర్లు. చెట్టు లేని ఊరికి కర్రంతా సముద్రం మీదే వచ్చింది, టేకు మన దేశం నుంచి, పైకప్పు దూలాలు తూర్పు ఆఫ్రికా నుంచి. ఎగుమతికి వెళ్లిన ఓడలు తిరిగి వచ్చేటప్పుడు ఏం తెచ్చాయో ఈ ఇళ్లే చెబుతాయి.

సముద్రపు ఒడ్డుకు వెళ్లి చూస్తే ఓడలు ఎందుకు దూరంగా ఆగేవో అర్థమవుతుంది. తీరం దగ్గర లోతు లేదు, పెద్ద స్టీమర్లు మైళ్ల దూరంలో లంగరు వేసేవి. పెట్టెలు దేశీ పడవల్లో అక్కడిదాకా వెళ్లాలి. ఉత్తరపు గాలి షమాల్ వీచిందా, రెండు మూడు రోజులు పడవ కదలదు. కొండలు దాటి వచ్చిన సరుకు కళ్లముందు స్టీమర్ వెళ్లిపోతుంటే ఒడ్డున మిగిలిపోవడం ఇక్కడ మామూలు సంగతి.

ఆ స్టీమర్ ఎక్కడికి? బొంబాయి దగ్గరే, 1862 నుంచి మెయిల్ స్టీమర్లు నడిచాయి. కానీ బొంబాయిలో సుంకం భారం. మధ్య భారతంలో పండే మాల్వా నల్లమందు మీద పెట్టెకు 600 రూపాయలు, ఆ పైన రాబట్టుకుంటున్న ప్రభుత్వం, పర్షియా సరుకు చవగ్గా తన రేవులోంచి చైనాకు పోవడానికి ఒప్పుకోదు. అందుకని సూయెజ్, ఏడెన్‌ల మీదుగా తిప్పి సింగపూర్, హాంకాంగ్‌లకు పంపేవారు. తూర్పుకు వెళ్లాల్సిన సరుకు ముందు పడమటికి ప్రయాణం చేసేది.

ఎగుమతి మీద ప్రభుత్వ అదుపు కథ ఇక్కడే చెప్పాలి. 1898 తర్వాత జోసెఫ్ నౌస్ నాయకత్వంలో బెల్జియన్ అధికారులు వచ్చేదాకా కస్టమ్స్ వసూలు గుత్తకు ఇచ్చేవారు. 1911లో మజ్లిస్, అంటే పార్లమెంటు, నల్లమందు నియంత్రణ చట్టం చేసింది. 1912 హేగ్ అంతర్జాతీయ నల్లమందు ఒప్పందం మీద పర్షియా సంతకం పెట్టింది కానీ కొన్ని నిబంధనలు వదిలేసింది. దిగుమతిని నిషేధించిన దేశాలకు ఎగుమతి ఆపాలన్న నిబంధన వాటిలో ఒకటి. 1920ల్లో అమెరికన్ ఆర్థిక సలహాదారు ఆర్థర్ మిల్స్‌పా బృందం ప్రభుత్వ గిడ్డంగుల పద్ధతి తెచ్చింది: పంట అంతా గిడ్డంగికి రావాలి, తూచాలి, పన్ను కట్టాలి, ముద్ర పడాలి, అప్పుడే బయటికి. 1926లో ఫ్రెడరిక్ డెలానో నాయకత్వంలో నానాజాతి సమితి విచారణ సంఘం వచ్చింది. 1928లో ప్రభుత్వ గుత్తాధిపత్యం, ఎగుమతి హక్కు ఇస్ఫహాన్ వర్తకుడు హబీబుల్లా అమీన్‌కు. ఇంత కాగితం ఉన్నా, బుషెహర్‌లో రష్యా రేవు 'వ్లాదివోస్తోక్' అని రాయించుకుని బయల్దేరిన పెట్టెలు చైనా తీరంలో దిగేవి. ఇక్కడి అధికారి సంతకం నిజమే, పన్ను నిజమే, తూకం నిజమే. గమ్యం ఒక్కటే అబద్ధం. హేగ్‌లో వదిలేసిన ఆ ఎగుమతి నిబంధన ఏ పని చేసేదో రేవులో నిలబడితే బాగా తెలుస్తుంది.

జాగ్రత్తలు. ఊరికి ఆగ్నేయంగా హలీలే దగ్గర అణు విద్యుత్ కేంద్రం ఉంది, ఊళ్లో వైమానిక, నౌకాదళ స్థావరాలు ఉన్నాయి. ఆ వైపు కెమెరా ఎత్తకండి, డ్రోన్ దేశంలోకే తేవద్దు. రెసిడెంట్ వేసవి విడిది ఉన్న సబ్జాబాద్ వైపు వెళ్లాలనుకుంటే స్థానిక గైడు లేకుండా వెళ్లకండి. రేవులో ఫొటోకు కూడా అడిగి తీయాలి. ఫోన్లో పాత పటాలు, రెసిడెన్సీ కాగితాలు ఉంటే అవి ఏమిటో ఒక వాక్యంలో పర్షియన్‌లో రాసి పెట్టుకోండి.

నల్లమందు గురించి అడిగే తీరు కూడా ముఖ్యం. 'తెర్యాక్' అన్న మాట ఈ దేశంలో ఇళ్లు కూల్చిన మాట. పీల్చగా మిగిలిన మసిని సూఖ్తే అంటారు, దాన్ని మళ్లీ కాచి తీసేది షిరే, ఈ మాటలు ఇప్పటికీ ఇళ్లల్లో ఏడుపు తెప్పిస్తాయి. డ్రైవర్‌ను సరదాగా అడగకండి. 'కాజార్ల (అప్పటి రాజవంశం) కాలపు ఎగుమతి వ్యాపారం' అంటే వృద్ధ వర్తకులు ఆసక్తిగా మాట్లాడతారు. ఎవరైనా రుచి చూడమంటే లేచి వచ్చేయండి. చట్టం అతి కఠినం, పెద్ద మొత్తాలకు ఉరిశిక్ష దాకా ఉంది.

బస: పాత ఊళ్లో ముంగిలి ఇళ్లను బసలుగా మార్చినవి కొన్ని ఉన్నాయి, గదులు తక్కువ, పది రోజుల ముందే మాట్లాడుకోవాలి. ఏసీ, జనరేటర్ ఉన్నాయా అని అడగండి, కరెంటు కోతలు మామూలు. కొత్త ఊరి బీచ్ హోటళ్లు శుభ్రంగా ఉంటాయి కానీ అక్కడి నుంచి పాత ఊరికి పొద్దున, సాయంత్రం రెండుసార్లు టాక్సీ. ధరలో మిగిలింది టాక్సీకి పోతుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు దాకా ఊరు నిద్రపోతుంది, నడక పొద్దున ఏడింటికీ సాయంత్రం అయిదున్నరకూ పెట్టుకోండి.

తిండి విషయంలో ఇరాన్ అంతటిలో మన నాలుకకు దగ్గరైన ఊరు ఇదే. ఖలియె మాహీ అంటే చింతపండు, వెల్లుల్లి, కొత్తిమీర, మెంతికూర, మిరపకాయ వేసి వండే చేప. చేపల పులుసు తిన్నవాళ్లకు పరిచయం అక్కర్లేదు. చిన్న ఇళ్ల హోటళ్లలో ఉదయమే చెప్పి వండించుకుంటే రుచి వేరు, పెద్ద రెస్టారెంట్లలో చింతపండు తగ్గించేస్తారు.

ఇంకా రెండు రోజులు చేతిలో ఉంటే యజ్ద్ వెళ్లమని చాలామంది చెబుతారు. యజ్ద్ కూడా ఈ పంట పండించిన నేలే, అందమైన ఊరే. కానీ ఈ బాటకు అది వెనక్కి ప్రయాణం. ఆ రెండు రోజులు బుషెహర్‌కే ఇచ్చి, ఒక సాయంత్రం గాలి వీస్తున్నప్పుడు రేవు గట్టు మీద కూచోండి. షమాల్ పట్టిందంటే ఇప్పటికీ చిన్న పడవలు ఒడ్డుకే కట్టేసి ఉంటాయి.